తల కొలత

నేర్పింది లాలాగూడ డొరీన్ ఆంటీ,
రైల్వే క్వార్టర్ మెట్ల మీద,
రెండు సైకిల్ పుల్లలు బండకు నూరి చేతికిచ్చి.
"సీదా ఒకటి, ఉల్టా ఒకటి, ఊపిరి పీల్చుకో" అన్నది.
అప్పుడు నాకు పదకొండేండ్లు.
ఇప్పటికీ ఉల్టా వరుసల్నే నేను ఊపిరి మరుస్త.

"హైదరాబాద్ల చలెక్కడిదమ్మా?" అని
మెట్రో గేటు కాడ సంచి తెరిపించిన పిల్లగాడు నవ్విండు.
స్కానర్ల నా సూదులు
రెండు సన్నటి ఎముకల లెక్క కనవడ్డయట.
అప్పటిసంది ఎమ్మెమ్టీయెస్సే.
సీతాఫల్‌మండిల ఎక్కితే హైటెక్ సిటీ దాక పద్దెనిమిది వరుసలు,
బేగంపేట కాడ బండి ఆగిపోతే ఇరవై రెండు.

నిజమే, మన చలి నలభై దినాల చుట్టం.
కార్తీకంల తలుపు కొడితే
శివరాత్రికి శివశివా అనుకుంట పోతది.
అట్లని చుట్టానికి పీట ఎయ్యకుంట ఉంటమా?

జనరల్ బజార్ల ఊలు కొన్న.
ఏ రంగు అంటే "వంకాయ" అన్న.
సేటు "వైన్" అన్నడు.
ఇద్దరం ఒకే ఉండను చూపించినం.

ఎవరికీ తెల్వకుంట తలలు కొలిచిన.
బిడ్డది జడేస్తుంటే, బెత్తెడు బెత్తెడుగ.
తమ్ముడు బాలకిషన్‌ది, వాని హెల్మెట్ లోపల చెయ్యి పెట్టి.
ఆయనది నిద్రల.
దారం చెవి మీదికెళ్లి పోతుంటే
దోమనుకొని తన చెంప తనే కొట్టుకున్నడు.

ఇచ్చిన.
ఇచ్చినంక అవి నా మాట వింటయా?
టోపీ పెడితే హెల్మెట్ పడతలేదని
తమ్ముడు దాంట్ల బండి తాళాలు, చిల్లర ఏసుకున్నడు.
మా అత్త మణెమ్మ మఫ్లర్‌ను నడుముకు కట్టి
"ఊలు నొప్పిని గుంజుతదే" అని వాడకట్టంత చెప్పుకున్నది.
బిడ్డ మెడకు చుట్టుకొని ఒక్క ఫొటో దిగింది,
మెట్ల కింద ఈనిన పిల్లికి పరిచింది.

ఆయన కత వేరే.
జలమండలి లైన్‌మన్. పొద్దుగాల నాలుగింటికి వాల్వు తిప్పాలె.
చెవులకని నేనల్లిన మఫ్లర్‌ను
నిలువెత్తు ఇనుప తాళం పిడికి చుట్టి
సుతిలితోటి బిగించి కట్టిండు.
"చలికి ఇనుము కొరుకుతదే. ఇప్పుడు కొరుకుతలేదు."
రెండు దినాలు మాట్లాడలే నేను.
మూడోనాడు ఆయన అరచేతులు చూసిన.
ఏమనలే.

సంచి అడుగున మిగిలినయి
జానెడు వంకాయ, మూరెడు పసుపు,
అత్త మఫ్లర్ల బూడిదరంగు ఇంకింత.
ముడులేసి ఒక ఉండ చేసిన.
"ఇదెవరికి?" అన్నది పక్కసీటు సైదమ్మ.
నోట్లెకెల్లి వచ్చినంక గాని నాకే తెల్వలే:
"నాకే."

"అయితే నీ తలెంత?"
తెల్వదు.
నలభై నాలుగేండ్ల తల.
నీళ్ల బిందె పెట్టిన, ఇటుకల తట్ట పెట్టిన,
చిట్టీల లెక్కలు, పాల లెక్కలు పెట్టిన,
ఒక్కనాడు దారం పెట్టి చూడలే.
సైదమ్మది టైలర్ షాపుల పని, పర్సుల టేపుంటది.
బండి ఊగుతుంటే నా నుదురు మీద వేలు ఆనించి
"ఇరవై రెండు. జర ఎక్కువనే" అన్నది.
ఆయన తలకన్న పావంగుళం పెద్దది.
ఇంట్ల చెప్పలే.

అయ్యేటాలకు శివరాత్రి అయింది.
జాగారం రాత్రి, చలి సంచి సర్దుకుంటున్నది.
నాలుగింటికి ఆయన తాళం భుజానేసుకుంటే
నేను గూడ టోపీ పెట్టుకొని ఎంట నడిచిన.
"ఉక్కపోస్తలేదా?"
"పోస్తుంది."

మెట్టుగూడ గల్లీల మూత తీసి, తాళం దించి,
రంగు ఎలిసిన నా మఫ్లర్‌ను రెండు చేతుల పట్టి తిప్పిండు,
సీదా, సీదా, ఇంకో సీదా.
ఊలు చెవుల మీదున్నా వినవడ్డది
నీళ్లు భూమి లోపల
ఒక్కొక్క ఇంటి పేరు యాది చేసుకుంట పోయే చప్పుడు.